బెంగళూరు నుంచి ఏర్కాడు సరస్సుకు ఎంటీబీల మీద: 3 సైకిళ్లు, 2 రాత్రులు, ప్లాన్ సరిచూడండి

బెళ్లందూరు హార్డ్‌టెయిల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో ఒక శని ఆదివారాలు చూసుకుని ముగ్గురం ఎంటీబీల (కొండ దారులకి పనికొచ్చే సైకిళ్ల) మీద సేలం దగ్గరి కొండ ఊరు ఏర్కాడు వెళ్దామనుకుంటున్నాం. ముందు ఊటీ, కొడైకెనాల్ కూడా అనుకున్నాం. దూరం చూసి ఏర్కాడుకే వచ్చాం. శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి బయట ఉండగలం. ఆదివారం రాత్రి పదికల్లా ఇల్లు చేరాలి. కారు సేలంలో పెట్టి, అక్కణ్ణుంచి ఘాట్ మొత్తం తొక్కి సరస్సు దాకా ఎక్కాలి, పైన తిరిగి, మళ్లీ తొక్కుతూనే దిగాలి అని ఉద్దేశం.

సైకిళ్లు ఇవి. నాది 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్), 1×12 (ముందు ఒకటి, వెనక 12 పళ్ల చక్రాలు), ముందు 32 పళ్లు, వెనక 10–51, హైడ్రాలిక్ డిస్క్, ట్యూబ్‌లెస్. నా బరువు 74 కిలోలు. రెండోది కూడా 29దే, 1×9, ముందు 34, వెనక 11–42, హైడ్రాలిక్ డిస్కే కానీ రోటర్లు (బ్రేకు పట్టే ఉక్కు బిళ్లలు) రెండూ 160 మిల్లీమీటర్లవి. తొక్కే అతను 88 కిలోలు. మూడో అతను చెన్నై నుంచి రైల్లో సేలం వస్తాడు. అతనిది పాత 27.5, 3×8, ముందు 22/32/42, వెనక 12–32, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, బరువు 62 కిలోలు.

అడగదలచుకున్నవి: ఈ గేర్లతో ఘాట్ ఎక్కగలమా? రైల్లో సైకిల్ ఎలా వేయాలి? పైన సరస్సు చుట్టూ మట్టి దారి ఉంటుందా? ఇంకా మేం ఆలోచించనిది ఏదైనా ఉంటే చెప్పండి.

నంది రిపీట్స్

ఏర్కాడు ఎంచుకోవడం సరైన పనే. బత్లగుండు వైపు నుంచి కొడై ఎక్కాలంటే 50 కిలోమీటర్ల పైగా ఘాట్, దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తు. అది వేరే స్థాయి. ఊటీకి మీ వైపు నుంచి వెళ్తే బండీపూర్, ముదుమలై పులుల అడవులు దాటాలి, తర్వాత 36 హెయిర్‌పిన్‌ల కల్హట్టి ఘాట్. రెండు రాత్రుల్లో అయ్యేది కాదు. ఏర్కాడు మీ సెలవుకి సరిగ్గా సరిపోతుంది.

లెక్క చూడండి. సేలం ఊరు సముద్రమట్టానికి సుమారు 280 మీటర్లు, సరస్సు దగ్గర 1,400కి కొంచెం అటూ ఇటూ. రైల్వే స్టేషన్ నుంచి సరస్సుకి సుమారు 30 కిలోమీటర్లు. అందులో మొదటి పది ఊళ్లో, దాదాపు చదును. అసలు ఘాట్ 20 కిలోమీటర్లు, 20 హెయిర్‌పిన్‌లు, ఎక్కేది వెయ్యి మీటర్ల చిల్లర. అంటే సగటు వాలు 5 శాతం. నంది కొండ రెండుసార్లకు పైగా ఆగకుండా ఎక్కినట్టు. సగటు చూసి ధీమా పడకండి. వంపుల దగ్గర కొన్ని చోట్ల 8–9 శాతం దాకా వస్తుంది, గేరు సరిపోయిందో లేదో తేలేది అక్కడే.

మీ బరువు, సైకిలు, నీళ్లు కలిపి 90 కిలోలనుకుంటే, 5 శాతం వాలు మీద గంటకు 8 కిలోమీటర్లు పోవడానికి 120 వాట్లు చాలు. ఘాట్ రెండున్నర గంటలు. సామాను 5 కిలోలు పెరిగితే అదే శ్రమకి 8 నిమిషాలు ఎక్కువ పడుతుంది. అందుకే ల్యాప్‌టాప్, రెండో జత బూట్లు, లీటర్ల కొద్దీ నీళ్లు మోయకండి.

గేర్లు ఒక్కొక్కటే చూద్దాం. పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ ఎంత ముందుకి పోతుందో చూస్తే చాలు. మీ 32/51 (ముందు 32, వెనక 51 పళ్లు) మీద 1.43 మీటర్లు. చెన్నై పాత సైకిల్ 22/32 మీద 1.48 మీటర్లు. తేడా లేదన్నట్టే, కాబట్టి 3×8 అని అతను చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ముందు చిన్న రింగు (పళ్ల చక్రం) మీదికి చైను శుభ్రంగా దిగుతోందా అన్నదొక్కటే చూసుకోవాలి. ఊళ్లో ఆ రింగు వాడరు కాబట్టి ముందు డిరైల్యర్ (చైనుని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే పరికరం) లోపలి లిమిట్ స్క్రూ, కేబుల్ బిగువు పట్టించుకోరు. తీరా మూడో వంపులో చైను ఫ్రేముకీ రింగుకీ మధ్య ఇరుక్కుంటుంది. ఇంకోటి, చిన్న రింగుకి బరువు పడకముందే మారాలి. ఎత్తు మొదలయ్యాక గట్టిగా తొక్కుతూ మారిస్తే పాత ముందు డిరైల్యర్ మొరాయిస్తుంది.

ఇబ్బంది ఉన్నది 88 కిలోల ఆయనకే. 34/42 అంటే చుట్టుకి 1.85 మీటర్లు. మొత్తం బరువు 109 కిలోలనుకుంటే, 9 శాతం వాలులో నిమిషానికి 60 చుట్లు నిలబెట్టడానికి 200 వాట్లు కావాలి. రెండు నిమిషాలైతే ఫరవాలేదు, గంటన్నర తర్వాత పదిహేనో వంపులో అంటే మోకాళ్ల మీద పడుతుంది. ముందు రింగు 30కి మారిస్తే చుట్టుకి 1.64 మీటర్లకు, 175 వాట్లకు దిగుతుంది. కొనేముందు క్రాంక్ చూడండి. నాలుగు బోల్టుల 104 బీసీడీ (బోల్టులు ఉండే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో) అయితే మామూలుగా 32 కంటే చిన్నది పట్టదు. బోల్టు రంధ్రాల్లోనే మర ఉన్న 30 పళ్ల రింగులు విడిగా దొరుకుతాయి, అవి అడగండి. అవి దొరక్కపోతే 32 వేయించినా కొంత నయం. రింగు చిన్నదయ్యాక వెనక పెద్ద పళ్ల చక్రం నుంచి చిన్నదానికి మార్చి చూడండి. చైను కింద వదులుగా వేలాడితే రెండు లింకులు తీయించాలి.

ఆయన బ్రేకులకి మెటల్ ప్యాడ్లు వేయిస్తే దిగేటప్పుడు ధైర్యంగా ఉంటుంది.

సమయాలు. శుక్రవారం సాయంత్రం ఆరుకి బయల్దేరినా హోసూరు దాటేసరికి చాలా పొద్దుపోతుంది. అయినా శుక్రవారం రాత్రే సేలం చేరి పడుకోండి. 200 కిలోమీటర్ల దారి, ట్రాఫిక్ లేకపోతే నాలుగు గంటలు. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ ఉంటుంది. లారీల బ్రేకులు ఫెయిలై ప్రమాదాలు జరిగే చోటు అది, కారు తక్కువ గేరులో నెమ్మదిగా దించండి. వెనక డిక్కీకి కట్టిన ర్యాక్ అయితే హోసూరు దగ్గర ఒకసారి, కృష్ణగిరి దగ్గర ఒకసారి దిగి పట్టీలు బిగించాలి. మొదటి 50 కిలోమీటర్లలో అవి తప్పకుండా వదులవుతాయి.

శనివారం 5:45కి సేలంలో తొక్కడం మొదలుపెడితే తెల్లవారేసరికి అడివారం, అంటే కొండ మొదలు, దగ్గర ఉంటారు. 9:30కల్లా సరస్సు. ఎనిమిదిన్నర తర్వాత టూరిస్టు కార్లు ఎక్కడం మొదలవుతుంది, అప్పటికి సగం పైన దాటి ఉండాలి. ఒక్కొక్కరూ గంటకి అర లీటరుకి పైన నీళ్లు తాగాలి, రెండు అరటిపండ్లో, పల్లీ చిక్కీలో తినాలి. ఆకలి వేశాక తిందామంటే ఆలస్యమైనట్టే. ఒక్క సంగతి, ఆ పండ్లు హ్యాండిల్ బ్యాగులో పైకి కనపడేలా పెట్టకండి. ఘాట్‌లో కోతులు సైకిల్ ఆగీ ఆగకముందే వచ్చేస్తాయి.

ఇప్పటి నుంచి మూడు ఆదివారాలు నంది ఎక్కండి, అదీ ఏర్కాడుకి వేసుకెళ్లే బ్యాగుతోనే. చివరి వారం రెండుసార్లు.

వేళచ్చేరి వీల్‌సెట్

రైలు సంగతి నేను చెప్తాను. చెన్నై సెంట్రల్ నుంచి ఈరోడ్ వెళ్లే ఏర్కాడ్ ఎక్స్‌ప్రెస్ రాత్రి బయల్దేరి తెల్లవారకముందే సేలం దింపుతుంది. మీ 5:45కి సరిగ్గా అందుతుంది. తిరుగు ప్రయాణం కూడా అదే రైలు రాత్రి పూట.

సైకిల్‌ని 'లగేజీ'గా బుక్ చేయాలి, 'పార్సిల్'గా కాదు. ఈ తేడా తెలియక చాలామంది ఇరుక్కుంటారు. లగేజీ అంటే మీ టికెట్ చూపించి, మీ రైల్లోనే, బ్రేక్ వ్యాన్‌లో (సామాన్ల పెట్టెలో) వేసేది. పార్సిల్ అంటే ఏ రైల్లో చోటుంటే ఆ రైల్లో పోయేది, మీరు సోమవారం ఇంటికి వచ్చాక సేలంలో దిగొచ్చు. కన్‌ఫర్మ్ టికెట్, గుర్తింపు కార్డు, రెండింటి జిరాక్సులు పట్టుకుని రైలుకి కనీసం రెండు గంటల ముందు పార్సిల్ ఆఫీసులో ఉండాలి. రైలు తక్కువసేపు ఆగే స్టేషన్లకి ఒక్కోసారి బుకింగ్ తీసుకోరు, కాబట్టి రెండు రోజుల ముందే వెళ్లి ఈ రైలుకి సేలం బుకింగ్ ఇస్తారా అని అడిగి రావడం మంచిది.

అట్టముక్క మీద పేరు, ఫోన్ నంబరు, రైలు నంబరు, 'ఎంఏఎస్ నుంచి ఎస్ఏ' అని మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి ఫ్రేముకి రెండు వైపులా కట్టండి. ఎంఏఎస్ చెన్నై సెంట్రల్ కోడ్, ఎస్ఏ సేలం జంక్షన్ కోడ్. లైట్లు, మీటరు, పంపు, బాటిళ్లు, సీటు కింద సంచీ అన్నీ తీసేయండి. పెడల్స్ విప్పి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి, వెనక డిరైల్యర్ చుట్టూ మందపాటి అట్ట చుట్టి టేపు వేయాలి. వ్యాన్‌లో సైకిల్ మీద మూటలు పడతాయి. వంగేది మొదట డిరైల్యర్ హ్యాంగరే (డిరైల్యర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). అందుకే చైను వెనక పెద్ద పళ్ల చక్రం మీద పెట్టండి, డిరైల్యర్ లోపలికి జరిగి చక్రం చాటున ఉంటుంది. ఎడమ పెడల్‌కి ఎదురు మర అన్న సంగతి చీకట్లో కంగారులో మరచిపోతే క్రాంక్ పాడవుతుంది.

రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక సైకిల్ ఎక్కిందో లేదో కళ్లారా చూడాలి. ఎక్కాక రైలు గార్డుకి సేలంలో దించాలని చెప్పి ఉంచండి. సేలంలో రైలు ఆగేది కొద్ది నిమిషాలే. ముందు స్టేషన్ దాటగానే తలుపు దగ్గరికి వచ్చి, ఆగీ ఆగగానే బ్రేక్ వ్యాన్ దగ్గరికి పరిగెత్తాలి. దించడం మరిస్తే అది ఇంకో 60 కిలోమీటర్లు ఈరోడ్ దాకా పోతుంది, ఆ శనివారం పోయినట్టే.

'విప్పి బ్యాగులో పెట్టి బెర్త్ కింద తోసేస్తే?' అని అడుగుతారు. కంపార్ట్‌మెంటులోకి తీసుకెళ్లే పెట్టె 100×60×25 సెంటీమీటర్లు దాటకూడదని రైల్వే నియమం, థర్డ్ ఏసీలో ఇంకా తక్కువ. 27.5 చక్రం టైరుతో కలిపి 69 సెంటీమీటర్లు, 29 అయితే 74. చక్రమే పట్టదు. టీటీఈ ఊరుకుంటే సరే, అభ్యంతరం చెబితే మాత్రం ఆయన తప్పు కాదు.

రెండో దారి, రాత్రి బస్సు డిక్కీ. టికెట్ కొనకముందే సిబ్బందిని అడిగి ఒప్పించుకోవాలి. రెండు చక్రాలూ తీసి, ఫోర్కు కాళ్ల మధ్య 100 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క పెట్టి స్కీవర్ (చక్రం ఇరుసు కడ్డీ) బిగించండి, వెడల్పాటి 'బూస్ట్' రకం ఫోర్కు అయితే 110. పైన ఏదైనా బరువు పడ్డా కాళ్లు దగ్గరికి నొక్కుకోవు. డిరైల్యర్ ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టాలి. మీ చెన్నై మిత్రుడివి కేబుల్ బ్రేకులు కాబట్టి ఒక బాధ తప్పింది. హైడ్రాలిక్ వాళ్లు చక్రం తీసినప్పుడు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టకపోతే, ఎవరైనా లివర్ నొక్కగానే పిస్టన్లు కలిసిపోతాయి. తెల్లవారుజామున రోటర్ లోపలికి దూరదు.

ఒక మాట. చెన్నైలో తొక్కేవాళ్లకి కొండ దొరకదు. ఈసీఆర్ (సముద్రం పక్క రోడ్డు) మీద మధ్యాహ్నం తర్వాత సముద్రం గాలికి ఎదురుగా, తేలిక గేరులో కాకుండా ఒక గేరు బరువుగా, కూర్చునే గంటన్నర తొక్కమనండి. ఘాట్‌కి దగ్గరగా వచ్చే సాధన మన ఊళ్లో అదొక్కటే.

రోటర్ 180

పైన అందరూ ఎక్కడం గురించి రాశారు. ఎక్కలేకపోతే దిగి తోసుకుంటూ పోవచ్చు, ఏమీ కాదు. కానీ దిగేటప్పుడు తప్పు జరిగితే కోలుకోవడం ఉండదు. అందుకని నంది రిపీట్స్ గారి ఒక సలహాకి అడ్డు చెప్పాలి.

88 కిలోల ఆయన సైకిల్‌కి మెటల్ ప్యాడ్లు వేయించే ముందు రోటర్ మీద ఏం చెక్కి ఉందో చదవండి. తక్కువ ధర సైకిళ్లకి వచ్చే షిమానో రోటర్ల మీద 'రెజిన్ ప్యాడ్ ఓన్లీ' (మెత్తటి రెజిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలి) అని ఉంటుంది. ఆ ఉక్కు మెత్తన. మెటల్ ప్యాడ్ వేస్తే రోటర్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది, వేడికి వంకర కూడా పోతుంది. మెటల్ కావాలంటే రోటర్లూ మార్చాలి. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి ముందుది 180 చేయండి, ఫోర్కు దాన్ని ఒప్పుకుంటుందని ఫోర్కు కంపెనీ పత్రంలో చూసుకుని, తగిన అడాప్టర్‌తో. రోటర్ పెద్దదైతే అంతే వేళ్ల బలానికి ఎక్కువ పట్టు దొరుకుతుంది, వేడి పోవడానికి లోహమూ ఎక్కువ. డబ్బు ఖర్చుపెట్టే ఉద్దేశం లేకపోతే కొత్త రెజిన్ ప్యాడ్లు చాలు, దిగే పద్ధతి సరిగ్గా ఉంటే.

ఎందుకింత పట్టుదల అంటే: 109 కిలోలు వెయ్యి మీటర్లు దిగితే బయటపడే శక్తి దాదాపు 1,070 కిలోజౌల్స్. మూడు లీటర్ల చల్లటి నీళ్లు మరిగే దాకా కాచేంత వేడి. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. ఘాట్‌లో నెమ్మదిగా పోతాం కాబట్టి మిగిలిందంతా అరచేయంత రెండు రోటర్ల మీద పడుతుంది. లివర్‌ని మెల్లగా నొక్కి పట్టుకునే కిలోమీటర్ల కొద్దీ దిగితే వాటికి చల్లారే వ్యవధి ఉండదు. మొదట ప్యాడ్ మీద గాజుపొర కడుతుంది, కీచుమని శబ్దం వస్తుంది, పట్టు తగ్గుతుంది. తర్వాత కాలిపర్‌లో (ప్యాడ్లు ఉండే బ్రేకు భాగంలో) నూనె వేడెక్కి బుడగలొస్తే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది.

పద్ధతి ఇది. వంపుల మధ్య తిన్నని రోడ్డు మీద సైకిల్‌ని పోనివ్వండి, 30 దాటకుండా. వంపుకి ముందు రెండు బ్రేకులూ కలిపి రెండు మూడు సెకన్లు గట్టిగా పట్టి 12–15కి దించండి, వంపులో పూర్తిగా వదిలేయండి. గట్టిగా పట్టడం, పూర్తిగా వదలడం. ఈ రెంటి మధ్యలో రోటర్‌కి గాలి తగులుతుంది. ఒక వేలు చాలు, మిగతా మూడు వేళ్లు హ్యాండిల్ మీదే ఉండాలి. ప్రతి ఐదు వంపులకీ, అంటే 15వ, 10వ, 5వ వంపు దగ్గర, వెడల్పుగా ఉన్న చోట ఆగి ఐదు నిమిషాలు చల్లారనివ్వండి. రోటర్‌ని వేలితో ముట్టి చూడొద్దు, తోలు ఊడుతుంది. చల్లారాలని నీళ్లూ పోయొద్దు, వంకరపోతుంది.

బయల్దేరే ముందు కొలవాల్సినవి రెండే. ప్యాడ్ మీద రాపిడి పదార్థం షిమానో లెక్కలో 0.5 మిల్లీమీటర్‌కి వస్తే పని అయిపోయినట్టు. ఈ ట్రిప్‌కి మాత్రం 1.5 కంటే తక్కువ ఉంటే మార్చేయండి. రోటర్ కొత్తది 1.8, 1.5కి అరిగితే పక్కన పెట్టేయాలి. కొత్త ప్యాడ్లు వేశాక నేరుగా ఘాట్‌కి వెళ్లకండి. ఖాళీ రోడ్డు మీద 25 వేగం నుంచి నడక వేగానికి, చక్రం జారకుండా, ఒక్కో బ్రేకుతో ఇరవైసార్లు తగ్గించండి. ప్యాడ్ పదార్థం రోటర్ మీద పలచగా పూత పడితేనే అసలు పట్టు వస్తుంది. చైనుకి స్ప్రే నూనె కొట్టేటప్పుడు ఒక్క తుంపర రోటర్ మీద పడినా ఈ శ్రమంతా వృథా.

చెన్నై సైకిల్ కేబుల్ డిస్క్ గురించి విడిగా చెప్పాలి. హైడ్రాలిక్‌లో ప్యాడ్ అరిగిన కొద్దీ పిస్టన్ తనంతట తాను ముందుకి జరుగుతుంది, కేబుల్‌లో జరగదు. చాలా కాలిపర్లలో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, లోపలిది స్థిరం. ఒక్క ఘాట్ దిగేలోపే లివర్ హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. ఆగిన ప్రతిసారీ లోపలి ప్యాడ్ స్క్రూని కొద్దిగా బిగించాలి, సాధారణంగా 5 ఎలన్ కీతో, రోటర్‌కి తగిలీ తగలకుండా. తర్వాత కేబుల్ బ్యారెల్ (కేబుల్ బిగువు సరిచేసే మర) అర చుట్టు. ఈ పని ఇంటి దగ్గర రెండుసార్లు చేసి చూసుకుని రమ్మనండి.

ఘాట్ రోడ్డులో ఎక్కే వాహనానికే దారి ఇవ్వాలి, దిగేది మీరైతే ఆగాల్సింది మీరు. బస్సు హెయిర్‌పిన్ తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి. హారన్ వినపడితే వంపుకి 15 మీటర్ల ముందే ఎడమ అంచున ఆగిపోండి, లోపలి నుంచి దూరిపోదామని చూడొద్దు.

బెళ్లందూరు హార్డ్‌టెయిల్

చాలా కృతజ్ఞతలండీ. రోటర్ చూశాను, 'రెజిన్ ప్యాడ్ ఓన్లీ' అనే ఉంది. ముందుది 180 మార్పిస్తున్నాం, రింగు 32 దొరికింది. మట్టి దారి గురించి, పైన రెండో రోజు ఎక్కడ తిరగాలన్న దాని గురించి ఎవరైనా చెప్తారా? టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

ఎర్రమట్టి

ముందే చెప్పేస్తే మీకు నిరాశ తప్పుతుంది. సరస్సు చుట్టూ సింగిల్ ట్రాక్ (ఒక్క సైకిల్ పట్టే సన్నని మట్టి బాట) లేదు. తమిళంలో ఏరి అంటే చెరువు, కాడు అంటే అడవి, పేరులో రెండూ ఉన్నాయి కానీ ఇప్పుడు ఆ చెరువు ఊరి నడిబొడ్డున ఉంది. ఒక పక్క బోట్‌హౌస్, ఇంకో పక్క పార్కు, హోటళ్లు. తెల్లవారుజామున పొగమంచు నీళ్ల మీద ఉండగా ఒక చుట్టు వేయండి, బాగుంటుంది. పది దాటితే జనం.

తొక్కాల్సింది లూప్ రోడ్డు. సరస్సు దగ్గర మొదలై కాఫీ తోటల మధ్యగా తిరిగి అక్కడికే వచ్చే 32 కిలోమీటర్ల చుట్టు. తారు రోడ్డే కానీ సన్నం, ఎక్కడం దిగడం తెరిపి లేకుండా వస్తూనే ఉంటుంది. ముందురోజు ఘాట్ ఎక్కిన కాళ్లకి మూడు గంటలు పెట్టుకోండి. ఆదివారం ఆరున్నరకి మొదలుపెడితే పదిలోపు అయిపోతుంది. తిని, పడుకుని, రెండు గంటలకి దిగడం మొదలుపెడితే నాలుగున్నరకల్లా సేలం, పదికి బెళ్లందూరు. శనివారం సాయంత్రానికి షెవరాయన్ గుడి సరిపోతుంది. ఆ కొండ 1,623 మీటర్లు, ఈ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైనది. చీకటి పడకముందు సరస్సుకి తిరిగి వచ్చేయాలి, ఎందుకంటే ఈ కొండల్లో అడవి దున్నలు ఉన్నాయి, సాయంత్రం, తెల్లవారుజామున తోటల అంచులకి వస్తాయి. కనిపిస్తే అక్కడే ఆగి, అది దాటేదాకా దూరంగా నిలబడాలి. బెల్లు కొట్టడం, ఫోటోకి దగ్గరవడం, పక్కనుంచి వేగంగా దాటేయడం, మూడూ ప్రమాదమే.

మట్టి కావాలంటే కాఫీ తోటల లోపలి ట్రాక్టర్ బాటలు. ఇవి సొంత ఆస్తులు. గేటు దగ్గర మనిషిని 'ఉళ్ళే పోలామా అణ్ణా' అని అడగండి. ఒప్పుకుంటే నెమ్మదిగా తిరిగి రండి, వద్దంటే వెనక్కి తిరగండి. జనవరి అంటే కాఫీ కోతలు సాగే కాలం, బాట మీద బుట్టలతో ఆడవాళ్లు, మూటలతో ట్రాక్టర్లు ఉంటాయి. మూల మలుపుల్లో ముందే కేకేసి, నడక వేగానికి దిగండి. పటంలో అడవిలోకి పోయే చుక్కల గీత కనపడినంత మాత్రాన అది మన దారి కాదు. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్తే చట్టం ప్రకారం నేరం. కిలియూరు జలపాతం వైపు కూడా సైకిల్ పైనే వదిలేసి మెట్లు నడిచి దిగాలి. సరస్సు నిండి పొర్లిన నీళ్లే అక్కడ పడతాయి, కాబట్టి జనవరి చివరికి ధార సన్నబడి ఉండొచ్చు.

గాలి విషయం. ఘాట్‌కి, మట్టికి ఒకే గాలి పెట్టకండి. మీ ట్యూబ్‌లెస్ ఘాట్‌లో 30 పీఎస్ఐ, తోటల్లో ముందు 22, వెనక 24. 88 కిలోల ఆయన ట్యూబులతో ఘాట్‌లో 38–40, తోటల్లో 30 కంటే దిగొద్దు, దిగితే రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. 62 కిలోల ఆయనకి 32, తోటల్లో 26. సిల్వర్ ఓక్ చెట్ల కింద రాలిన ఆకు మందంగా ఉంటుంది, మంచు తడికి దాని కింద చెట్ల వేళ్లు నూనె రాసినట్టు జారతాయి. వేరు వెంబడి కాకుండా దాన్ని అడ్డంగా, తిన్నగా దాటాలి, దాని మీద బ్రేకు పట్టకూడదు. వాన పడితే మట్టి వైపే వెళ్లొద్దు. ఆ ఎర్రమట్టి టైరుకి అంటుకుని ఫోర్కులో గడ్డకట్టి చక్రాన్ని ఆపేస్తుంది, చైనులో చేరితే డిరైల్యర్‌ని లాక్కుపోయి హ్యాంగర్ విరుస్తుంది.

పైన స్పెషల్ సైకిల్ షాపు ఏదీ లేదనుకునే సామాను కట్టుకోండి. ముగ్గురికీ మూడు రకాల హ్యాంగర్లు కావాలి, ఒకరిది ఇంకొకరికి పట్టదు. చైను క్విక్ లింకులు కూడా 8, 9, 12 స్పీడుకి వేటికవే. 29కి రెండు, 27.5కి ఒక ట్యూబు, చైను విప్పే పరికరం, 4, 5, 6 ఎలన్ కీలు, టీ25, ఒక జత ప్యాడ్లు, జిప్ టైలు, ట్యూబ్‌లెస్ ప్లగ్గులు. మీ సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరులో చిల్లులు మూసే ద్రవం) పోసి మూడు నెలలు దాటితే అది ఎండిపోయి ఉంటుంది, టైరుకి 100 మిల్లీలీటర్లు కొత్తది పోయండి. ప్రెస్టా (సన్నరకం) వాల్వు ఉన్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. అది ఉంటే ఏ పంచర్ షాపులోనైనా, పెట్రోల్ బంకులోనైనా గాలి పట్టించుకోవచ్చు.

నంది రిపీట్స్

రోటర్ 180 గారూ, రెజిన్ రోటర్ సంగతి మీరు చెప్పిందే సరి. నేను ఆ మాట రోటర్ చూడకుండా అనకూడదు.

బెళ్లందూరు గారూ, ఒకటి కలుపుతాను. పైకి వెయ్యి మీటర్లు పోతే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఎక్కేటప్పుడు చెమట పట్టిన జెర్సీతోనే పైన ఆగితే పదినిమిషాల్లో వణుకు పడుతుంది. ఒక పొడి బనియను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి, సరస్సు చేరగానే మార్చుకోండి. ఆదివారం దిగేటప్పుడు పలచని గాలి జాకెట్, నిండు వేళ్ల గ్లవుజులు. వేళ్లు కొయ్యబారితే పైన చెప్పిన బ్రేకు పద్ధతి ఏదీ చేతకాదు. పొగమంచు ఉంటే వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించే ఉంచండి.

బెళ్లందూరు హార్డ్‌టెయిల్

రాసుకున్నాను. హ్యాంగర్లు రెండు దొరికాయి, పాత 27.5దే దొరకలేదు.

వేళచ్చేరి వీల్‌సెట్

పాత మోడల్ హ్యాంగర్‌ని పేరు పెట్టి వెతికితే దొరకదు. విప్పి, తెల్ల కాగితం మీద స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, బోల్టు రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి షాపుకి పంపమనండి, ఆకారం చూసి ఇస్తారు. అప్పటికీ దొరక్కపోతే చైను కుదించి ఒకే గేరు మీద తోలుకురావడం అతనికి ముందే నేర్పండి: చైను విప్పి, డిరైల్యర్ వదిలేసి, ముందు 22, వెనక మధ్య పళ్ల చక్రాల్లో చైను దేని మీదికి తిన్నగా వస్తే దాని మీద బిగువుగా కలపాలి. ఆ గేరుతో ఘాట్ దిగొచ్చు, ఊళ్లో స్టేషన్ దాకా తొక్కొచ్చు.